పదహారు కోర్లు, ఒక్క కాటా

ఖమ్మం జిల్లా దక్షిణపు కొసన, కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉంది ఎర్రుపాలెం. ఇటు వస్తే తెలంగాణ, నాలుగడుగులు అటు వేస్తే ఆంధ్ర. వరి, పత్తి, మిర్చి పండే ఇలాంటి మండలాల్లో ఎరువుల కొట్ల లెక్కలూ కమీషన్ కొట్ల ఖాతాలూ ఇప్పటికీ ఎక్కువగా బల్ల మీది కంప్యూటర్‌లోనే, చిన్న డేటాబేస్ ప్రోగ్రాముల్లోనే ఉంటాయి. కొత్త కంప్యూటర్ కొనాల్సి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది: ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కొంటే ఈ ప్రోగ్రాములు వేగంగా నడుస్తాయా? ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. మామయ్య ఫాక్స్‌ప్రో రోజుల నుంచి ఇలాంటి కొట్లకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెడుతున్న మనిషి. మేనకోడలు హైదరాబాద్‌లో డేటాబేస్‌ల మీద పనిచేసే ఇంజనీరు.

మామయ్య: ఎర్రుపాలెంలో ఒక ఎరువుల కొట్టాయన సూటిగా అడిగాడు. సీజన్ మొత్తం లెక్క తీయడానికి 40 నిమిషాలు పడుతోంది, 16 కోర్ల మెషీన్ కొంటే ఎంతకు దిగుతుందని. నా జవాబు కూడా సూటిగానే ఉంటుంది: దిగదు, డబ్బు దండగ. నేను రాసిచ్చింది విజువల్ ఫాక్స్‌ప్రోలో. ఆ ప్రోగ్రాం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. ఇప్పుడున్న మెషీన్‌లో విండోస్‌కు 8 కోర్లు కనబడతాయి. రిపోర్టు నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడు, వాడకం 12, 13 శాతం దగ్గర ఆగిపోతుంది. నూరును ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అంటే ఒక్క కోరు పని చేస్తోంది, ఏడు కూర్చున్నాయి. పదహారు కొంటే పదిహేను కూర్చుంటాయి.

మేనకోడలు: మీ లెక్క తప్పని నేననను మామయ్యా. కానీ మీరు చెప్పేది ఫాక్స్‌ప్రో సంగతి. దాని ఆఖరి వెర్షన్, తొమ్మిదోది, 2004 చివర్లో వచ్చింది. 2007లో మైక్రోసాఫ్ట్ ఇక పదోది రాదని చెప్పేసింది. 2015 జనవరితో సపోర్టు కూడా ముగిసింది. అది పుట్టి పెరిగిన కాలంలో మన బల్లల మీద ఒక్క కోరే ఉండేది. ఆ కాలపు పనిముట్టును చూపించి డెస్క్‌టాప్ డేటాబేస్‌లన్నిటికీ ఎక్కువ కోర్లు పనికిరావని ఎలా తేలుస్తారు?

మామయ్య: ఆ కాలాన్ని కాస్త గుర్తు చేసుకుందాం. అప్పట్లో నా ప్రోగ్రాం నెమ్మదిగా ఉంటే నేను చేయాల్సిందేమీ ఉండేది కాదు. రెండేళ్లు ఆగితే కొత్త పెంటియం వచ్చేది, అదే ప్రోగ్రాం, ఒక్క అక్షరం మార్చకుండా రెట్టింపు వేగంతో పరుగెత్తేది. ఆ వరం 2004 దగ్గర ఆగిపోయింది. పెంటియం 4 గడియారం 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లి నిలబడింది. అంతకు మించి తోస్తే వేడి తట్టుకోలేదు. 2005లో ఇంటెల్ పెంటియం డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. ఒకే చిప్పులో రెండు కోర్లు. అప్పటి నుంచి తయారీదారులు మనకు వేగం బదులు సంఖ్య ఇస్తున్నారు. ఆ సంఖ్యను వేగంగా మార్చే బరువు ప్రోగ్రాం రాసేవాడి నెత్తిన పడింది.

మేనకోడలు: ఆ బరువు మోయమనే నేనూ అంటున్నాను. పైగా ఏమీ మార్చకపోయినా రెండో కోరు వల్ల మేలు జరిగింది. విండోస్ 98 రెండు ప్రాసెసర్లు పెట్టినా ఒక్కదాన్నే గుర్తించేది. ఎన్‌టీ, 2000 నుంచి వచ్చిన వరుస రెండిటినీ వాడుకుంటుంది. రిపోర్టు ఒక కోరు మీద నడుస్తుంటే వైరస్ తనిఖీ, ప్రింటర్, తెర ఇంకో కోరు మీద నడుస్తాయి. రిపోర్టు పెట్టాక మౌస్ కదలకుండా బిగుసుకుపోయే రోజులు పోయింది అందుకే.

మామయ్య: ఒకటి నుంచి రెండుకు వెళ్తే మేలు జరిగింది, ఒప్పుకుంటాను. రెండు నుంచి నాలుగుకూ కొంత. ఆ మేలు నాలుగు దాటితే నా కొట్టాయనకు అందదు. ఫాక్స్‌ప్రో వద్దంటే యాక్సెస్ తీసుకో. దాని జెట్ ఇంజిన్ పాతికేళ్ల నాడే మూడు థ్రెడ్లు పెట్టుకుంది. కానీ అవేం చేసేవి? ముందు కావలసిన పేజీలు చదివిపెట్టడం, మారిన పేజీలు వెనకాల రాయడం, మెమరీ సర్దుకోవడం. నువ్వు ఒక క్వెరీ ఇస్తే దాన్ని ముక్కలు చేసి కోర్లకు పంచే పని అది చేయదు.

మేనకోడలు: ఎందుకు చేయలేదంటారు?

మామయ్య: చేసినా అప్పట్లో లాభం లేదు కాబట్టి. హార్డ్‌డిస్క్ లెక్క చూడు. నిమిషానికి 7,200 తిరుగుళ్లు అంటే ఒక్క తిరుగుడుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం. సూది అక్కడికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. చెల్లాచెదురుగా ఉన్న రికార్డులు చదవాలంటే సెకనుకు డెబ్బై, ఎనభై మించవు. పది వేల రికార్డులకు రెండు నిమిషాలు పైనే. ఆ రెండు నిమిషాలూ ప్రాసెసర్ ఎదురు చూస్తూనే ఉంటుంది. ఎదురు చూసేవాళ్లు పదహారు మంది ఉంటే పని తొందరగా అవుతుందా? అందుకే నేను కొట్లకు చెప్పేది: ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. వేయించిన ప్రతి చోటా ప్రోగ్రాం ముట్టుకోకుండానే వేగం వచ్చింది.

మేనకోడలు: నా వాదనకు బలం అక్కడే ఉంది మామయ్యా! ఎస్‌ఎస్‌డీ సెకనుకు వేలకు వేలు చదువుతుంది. డిస్కు కోసం ఎదురు చూడటం పోయాక మిగిలింది ప్రాసెసర్ పని. ఇందాక మీరు చూపించిన పన్నెండున్నర శాతమే దానికి సాక్ష్యం. డిస్కు అడ్డంగా ఉంటే ఆ ఒక్క కోరైనా నిండదు కదా. నిండిందంటే రిపోర్టును ఆపుతున్నది ఇప్పుడు ప్రాసెసరే. నిన్నటి దాకా కోర్లు పనికిరానిది నిజమే. కారణం పోయింది కాబట్టి మాట కూడా మారాలి.

మామయ్య: కారణం పూర్తిగా పోలేదు. పని స్వభావం ఒకటుంది. మిర్చి ఏరడానికి ఇరవై మంది కూలీలను పెట్టు, కోత తొందరగా అవుతుంది. కానీ కిలోల లెక్కన కూలీ ఇచ్చే చోట సాయంత్రం అందరి కాయా ఒకే కాటా మీద తూగాలి. కూలీలను నలభై చేస్తే కాటా దగ్గర వరుస పెరుగుతుంది, తూకం వేగం పెరగదు. బిల్లు నంబరు అలాంటిది. 501 తరవాత 502 రావాలి. ఇద్దరు గుమస్తాలకు ఒకే నంబరు పోకూడదు. డీఏపీ నిల్వ పది బస్తాలుంటే ఇద్దరూ ఒకేసారి పదేసి అమ్మకూడదు. అందుకే లాక్ వేస్తాం. లాక్ దగ్గర ఎన్ని కోర్లున్నా ఒక్కొక్కటిగా రావాల్సిందే.

మేనకోడలు: దాన్నే జీన్ ఆమ్‌డాల్ 1967లో సూత్రంగా చెప్పాడు. మీ 40 నిమిషాల రిపోర్టుకే వేసి చూద్దాం. అందులో పంచుకోదగ్గది 24 నిమిషాలు, ఒకదాని తరవాత ఒకటిగా జరగక తప్పనిది 16 నిమిషాలు అనుకోండి. 4 కోర్లయితే 24 కాస్తా 6 అవుతుంది, మొత్తం 22. 8 కోర్లయితే 19. 16 కోర్లయితే పదిహేడున్నర. వంద పెట్టినా 16 కిందికి దిగదు.

మామయ్య: ఇంకేం, నా మాట నువ్వే అంకెల్లో చెప్పావు. 4 నుంచి 16కు పోతే మిగిలేది నాలుగున్నర నిమిషాలు. దానికి అంత డబ్బా?

మేనకోడలు: అదే లెక్కను ఇటు నుంచి చదవండి. 40 కాస్తా 22 అయింది. దాదాపు సగం. ఆ నాలుగు కోర్లు ఇప్పటికే ఆయన బల్ల మీదున్నాయి, డబ్బు ఎప్పుడో కట్టేశాడు. అయినా ఆయనకు ఇంకా 40 నిమిషాలే పడుతోంది. ఎవరి వల్ల? ప్రాసెసర్ వల్లనైతే కాదు. ఇంకో మాట. 1988లో జాన్ గస్టాఫ్‌సన్ ఆమ్‌డాల్‌కు ఒక జవాబు ఇచ్చాడు. శక్తి పెరిగితే మనుషులు పాత లెక్కనే తొందరగా చేసుకుని ఊరుకోరు, ఇంకా పెద్ద లెక్క అడుగుతారు అని. ఈ ఏడాది రిపోర్టు చాలనుకున్న కొట్టాయన రేపు పదేళ్ల లెక్క అడుగుతాడు. ఏ ఊరి రైతు ఏ నెలలో ఏ మందు కొన్నాడు, అప్పు ఎప్పుడు తీర్చాడు అని. లెక్క పెరిగే కొద్దీ పంచుకోదగ్గ భాగమే ఎక్కువ పెరుగుతుంది.

మామయ్య: అడిగితే నా ఫాక్స్‌ప్రో మోయలేదు. ఒక్కో టేబుల్ ఫైలుకు 2 జీబీ హద్దు. యాక్సెస్‌లో మొత్తం డేటాబేస్‌కే 2 జీబీ. అప్పుడు సర్వర్ పెట్టమంటావు.

మేనకోడలు: సర్వర్ కూడా ఒక దారే. ఆ కొట్లో మూడు కంప్యూటర్లు, ఫైలు ఒకదాంట్లో షేర్ చేసి ఉంటుంది. మిగతా రెండూ ఆ ఫైలు పేజీలను వైరు మీదుగా లాక్కుని తమ దగ్గర లెక్క చేసుకుంటాయి. ఫైలున్న మెషీన్‌కు వంద కోర్లున్నా అది చేసేది పేజీలు అందించడమే. డేటాబేస్ ఇంజిన్ సర్వర్‌గా నడిస్తే లెక్క అక్కడే జరుగుతుంది, ఒక్కొక్కరి క్వెరీ ఒక్కో కోరు మీద నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కు వేరే ప్రాసెస్. పైగా 2016లో వచ్చిన 9.6 నుంచి ఒకే క్వెరీని కూడా చాలామందికి పంచగలదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అయితే 4 కోర్లకు మించి వాడుకోదు. ఆ మెషీన్‌లో పదహారు పెడితే పన్నెండు వృథా.

మామయ్య: చూశావా, ఆ హద్దు తెలియక ఎంతమంది కొని ఉంటారో! ఎర్రుపాలెంలో కొట్టు చూసుకునే మనిషికి సర్వర్ కాపలా కాయడం కూడా ఒక పనే. కరెంటు పోతే, పాస్‌వర్డు మరిస్తే, బ్యాకప్ తీయకపోతే నేను పరుగెత్తాలి. ఫైలు పద్ధతిలో ఉన్న సుఖం అదీ: ఫోల్డర్ కాపీ చేస్తే బ్యాకప్ అయిపోతుంది.

మేనకోడలు: సర్వర్ అక్కర్లేని దారీ ఉంది. ఎస్‌క్యూలైట్ అలాంటిదే, అంతా ఒకే ఫైలు. రాసేవాళ్లు ఒక సమయంలో ఒక్కరే. కానీ 2010 నుంచి ఉన్న వాల్ పద్ధతిలో ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు ఆగకుండా చదువుకోవచ్చు. అదొక్క మెషీన్ లోపలే వాడాలి, నెట్‌వర్క్ షేర్ మీద కాదు. ఇక డక్‌డీబీ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో మార్క్ రాస్‌వెల్ట్, హానెస్ మ్యూలైసెన్ తయారు చేశారు, 2019లో బయటికి వచ్చింది. సర్వర్ లేదు, మన ప్రోగ్రాం లోపలే నడుస్తుంది, అయినా ఒకే క్వెరీని ఉన్న కోర్లన్నిటికీ పంచుతుంది. డెస్క్‌టాప్ డేటాబేస్‌కు కోర్లు పనికిరావన్న మాటకు అదే జవాబు.

మామయ్య: ఎలా పంచుతుంది? చేతికొచ్చినట్టు పంచితే కుదరదు కదా.

మేనకోడలు: టేబుల్‌ను 1,22,880 వరుసల గుంపులుగా పెట్టుకుంటుంది. ఒక్కో థ్రెడ్ ఒక్కో గుంపు తీసుకుంటుంది. తన ముక్కలో మొత్తాలు కట్టి, చివర్లో అన్నిటినీ కలుపుతుంది.

మామయ్య: అంటే లక్ష వరుసల టేబుల్ ఇస్తే?

మేనకోడలు: ఒకే గుంపు. ఒకే థ్రెడ్ చదువుతుంది.

మామయ్య: పదహారు కోర్లూ కదలాలంటే?

మేనకోడలు: కనీసం పదహారు గుంపులు ఉండాలి. 19,66,080 వరుసలు.

మామయ్య: మండలంలో ఒక ఎరువుల కొట్టు ఒక ఏడాదిలో ఎన్ని బిల్లులు రాస్తుందో నాకు తెలుసు. ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాదు. కోర్లకు పంచడానికే పుట్టిన ఇంజిన్ కూడా ఇంత చిన్న పనిని పంచనంటోంది. ఇంత చిన్న టేబుల్ మీద 40 నిమిషాలు పడుతోందంటే తప్పు ఇంకెక్కడో ఉందన్నమాట. తేదీ మీద ఇండెక్స్ లేదేమో. ఉన్నా, తేదీని అక్షరాలుగా మార్చి పోలుస్తున్నామేమో. ఫాక్స్‌ప్రోలో రష్‌మోర్ అని ఒక గొప్ప పద్ధతి ఉంది. ఇండెక్స్‌లోంచే ఏ వరుసలు కావాలో గుర్తులు పెట్టుకుని, ఫైలు ముట్టకుండానే వడపోస్తుంది. కానీ షరతు రాసే తీరు ఇండెక్స్ తీరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే టేబుల్ అంతా మొదటి నుంచీ చదువుతుంది. అది సరిచేస్తే ఒక్క కోరు మీదే 40 నిమిషాల పని నిమిషంలోకి రావచ్చు. ఏ ప్రాసెసర్ అయినా అంత లాభం ఇస్తుందా?

మేనకోడలు: ఇవ్వదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇండెక్స్ సరిగ్గా లేని పనిని కోర్లకు పంచడమంటే అనవసరమైన పనిని పదహారు చోట్ల చేయడమే. ముందు పని తగ్గించాలి. మిగిలిన పనిని అప్పుడు పంచాలి. ఆ రెండో మెట్టు వద్దని మాత్రం అనకండి. ఎందుకంటే పని పంచడం మన జిల్లాకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు మొదటి విడత జిల్లాల్లో ఖమ్మం ఉంది. అప్పుడు జిల్లాలో 46 మండలాలు. కూలీల మస్టర్లు ఎక్కడికక్కడ మండల కంప్యూటర్ కేంద్రాల్లో ఎక్కించేవాళ్లు, పే ఆర్డర్లు అక్కడే తయారయ్యేవి. ఎర్రుపాలెం మస్టరు ఎక్కడానికి భద్రాచలం మస్టరు అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. జిల్లా మొత్తాన్ని చూస్తే ఎన్నో ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసినట్టే కదా?

మామయ్య: అది మంచి ఉదాహరణ. కానీ అక్కడ పని పంచింది కంప్యూటర్ కాదు, పథకాన్ని అలా అమర్చినవాళ్లు. ఒక మండలం కూలీ లెక్కకు ఇంకో మండలం లెక్కతో సంబంధం లేదు. మధ్యలో లాక్ లేదు. చివర్లో జిల్లా మొత్తం ఒక్కసారి కలిపితే చాలు. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినా, 2016 అక్టోబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయి భద్రాచలం అటు వెళ్లినా, మండలాల వారీగా అమర్చుకున్న లెక్కను విడదీయడం తేలిక. పని తనంతట తాను విడిపోయే గీతలు ఎక్కడున్నాయో ముందు కనిపెట్టాలి. ఆ గీతల వెంట కోస్తేనే ఎక్కువ ప్రాసెసర్లకు అర్థం.

మేనకోడలు: అయితే మీ ఫాక్స్‌ప్రోలోనూ ఆ గీత ఉంది. రిపోర్టు చదవడమే తప్ప రాయదు, కాబట్టి లాక్ గొడవ లేదు. సీజన్ లెక్కను నెలల వారీగా నాలుగు ముక్కలు చేయండి. మీ ఈఎక్స్ఈనే నాలుగుసార్లు విడివిడిగా నడపండి, ఒక్కోదానికి ఒక ముక్క ఇవ్వండి. ఒక్కోటి వేరే ప్రాసెస్ కాబట్టి విండోస్ వాటిని నాలుగు కోర్ల మీద పెడుతుంది. ఒక్కోటి తన మొత్తాన్ని చిన్న ఫైల్లో రాస్తుంది. ఐదోది ఆ నాలుగూ కలుపుతుంది. మీరు ఒక్క థ్రెడ్ అన్న ప్రోగ్రామే నాలుగు కోర్లు వాడుతుంది.

మామయ్య: కుదురుతుంది. రిపోర్టుల వరకు కుదురుతుంది. బిల్లింగ్‌లో మాత్రం నేను అలాంటిది చేయను. అక్కడ వేగం కన్నా నంబరు తప్పకపోవడం ముఖ్యం. బిల్లు రాయడం ఎలాగూ రెప్పపాటు పని, దాన్ని పంచి లాభం లేదు. కానీ నలుగురు నాలాంటివాళ్లు ఈ విషయం తేల్చుకునే దారి ఒకటి చెప్పు. కొట్టాయనకు ఆమ్‌డాల్ చెప్పలేం కదా.

మేనకోడలు: టాస్క్ మేనేజర్ చాలు. నెమ్మదిగా ఉన్న పని మొదలుపెట్టి రెండు అంకెలు చూడాలి, ప్రాసెసర్, డిస్కు. డిస్కు నూరు శాతం దగ్గరుండి ప్రాసెసర్ ఖాళీగా ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించాలి, మెమరీ పెంచాలి. కోర్లు దండగ. డిస్కు ఖాళీగా ఉండి, ప్రాసెసర్ మొత్తం వాడకం నూరును కోర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేంత దగ్గర నిలబడితే ప్రోగ్రాం ఒకే థ్రెడ్ మీద ఉన్నట్టు. విండోస్ ఆ పనిని ఒక కోరు నుంచి ఇంకో కోరుకు జరుపుతూ ఉంటుంది, కాబట్టి ఒక్కో కోరు గీతను చూసి అన్నీ కొంచెం కొంచెం పని చేస్తున్నాయని మోసపోకూడదు. మొత్తం అంకే చూడాలి. అప్పుడు ఇండెక్సులు సరిచేయాలి, ప్రోగ్రాం మార్చాలి. కొనక తప్పదంటే కోర్లు తక్కువైనా ఒక్కో కోరు వేగం ఎక్కువున్నది కొనాలి. ఇక అన్ని కోర్లూ తొంభై శాతం పైన నిండి ఉంటే, అప్పుడే ఎక్కువ కోర్లు కొనడం సబబు.

మామయ్య: అయితే కొట్టాయనకు నా సలహా ఇది. ఇప్పుడున్న మెషీన్ చాలు. ఎస్‌ఎస్‌డీ లేకపోతే వేయించాలి, ఒక మంచి యూపీఎస్ పెట్టాలి, రోజూ బ్యాకప్ ఇంకో డిస్కుకు పోవాలి. ఇండెక్సులు నేను చూస్తాను, రిపోర్టును నెలల వారీగా నేను విడదీస్తాను. అప్పటికీ చాలకపోతే పదహారు కోర్ల మాట ఎత్తుతాను.

మేనకోడలు: మీ సలహాతో నాకు పేచీ లేదు. పేచీ మిగిలింది ఒక్క దగ్గరే. కోర్లు దండగ అని మీరు కొట్లలో చెబుతుంటే తప్పు కోర్లదేనని జనం అనుకుంటారు. ఇరవై ఏళ్లుగా బల్ల మీదికి వచ్చిన దాదాపు ప్రతి మెషీన్‌లో అవి ఉన్నాయి. వాటికి డబ్బు కట్టింది మిర్చి అమ్మిన డబ్బుతో ఎరువు కొన్న రైతు, ఆ రైతుతో వ్యాపారం చేసే కొట్టాయన. వాటిని వాడుకునేలా రాయాల్సిన బాధ్యత మీదీ నాదీ. పంచడానికి వీలున్న పని పంచకుండా వదిలేస్తే అది మనం వాళ్లకు పడ్డ బాకీ.

మామయ్య: ఆ బాకీ ఒప్పుకుంటున్నాను. ఇకనుంచి కొట్లలో ఇలా చెబుతాను: కోర్లు కొనేముందు మీ ప్రోగ్రాం రాసినవాణ్ని పిలిచి, ఏ పని ఎన్ని కోర్ల మీద నడుస్తుందో అడగండి. వాడు జవాబు చెప్పలేకపోతే మెషీన్ మార్చడం ఆపి, ముందు ప్రోగ్రాం సంగతి చూడండి. నన్నూ అదే అడగండి.